వదిలితే పడిపోయే బ్రేకు

గోదావరిఖనిలో నాది కార్ల మెకానిక్ షెడ్డు. పోయినేడు ఒక డాక్టరు సారు, ముచ్చటపడి కొనుక్కున్న పాత ఇంగ్లండు స్పోర్ట్స్ కారు తెచ్చి, "హ్యాండ్ బ్రేక్ నిలుస్తలేదన్నా" అన్నరు. నిజమే. లివర్ గుంజి వదిలితే టప్పున కిందికి పడిపోతుంది. కేబుల్ మార్చిన, బ్రేక్ షూలు మార్చిన. మూడు రోజులైనా అదే కథ. నాకు తిక్క లేసింది.

నాలుగో రోజు కారును షెడ్డు ముందటి ఏటవాలు మీద ఆపి, బ్రేకు ఆపుతదో లేదో చూద్దామని మా బాపును సీట్ల కూసోబెట్టిన. గనిలో బొగ్గు మోసే టబ్బు బండి ఆగంగనే చక్రం కింద మొద్దు పెట్టి బతికిన మనిషి. కారు ఎన్నడూ నడపలేదు. "లివర్ గట్టిగ గుంజి పట్టుకో" అని, అలవాటు కొద్ది ఆయన కారు చక్రం కింద పెట్టిన మొద్దు తీసిన. ఆయన చెయ్యి జారింది. కారు వెనక్కి, బొగ్గు లారీలు పోయే రోడ్డు దిక్కు ఉరికింది!

"బాపూ, గుంజు!" అని ఒర్లిన. భయంతోని ఆయన లివర్‌ను కొస మీది బటన్‌తో సహా పిడికిట్ల పట్టి గుంజిండు. కారు ఆగింది. చెయ్యి తీసినా లివర్ పడలేదు.

అన్ని కార్లకు బటన్ ఒత్తితే బ్రేకు ఊడుతది. దీనికి ఒత్తి గుంజితేనే పట్టుకుంటదట!

"మొద్దెందుకు తీసినవ్ రా?" అన్నడు బాపు. ఇరవై ఏండ్ల సంది కార్లు చేస్తున్న గనుకనే నాకు ఆ బటన్ తోచలేదేమో!

బటన్ ఒత్తి గుంజమని చెప్పి కారు ఇచ్చినందుకే డాక్టరు సారు ఇప్పటికీ కలిసినప్పుడల్లా, "బ్రేకు మస్తు చేసినవన్నా" అంటరు. నేను చేసిందేందో నాకే సమజ్ కాదు.