తేట నీళ్లే, అయినా తూమెత్తించాను

2020 నవంబరు. పుంగనూరు వైపు చిన్న చెరువులకు నేను ఏఈని, అంటే కట్టలు, తూములు చూసుకునే ఇంజనీరుని. తుపాను వానలకు వారంలోనే చెరువులన్నీ నిండాయి. మదనపల్లె దారిలోని ఒక చెరువు నిండడం చాలా ఏళ్ల తర్వాత అదే మొదటిసారి. ఊరంతా కట్ట మీదే ఉంది.

ఆ కట్ట దిగువ అంచున నేల చెమ్మగిల్లి సన్నటి ధార కారుతోంది. మట్టికట్టకు సీపేజ్, అంటే ఊట, మామూలే. తేటగా ఉన్నంతవరకు భయం లేదు. బురద రంగుకు తిరిగితేనే లోపలి మట్టి కొట్టుకుపోతున్నట్టు. దాన్ని పైపింగ్ అంటాం. ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాదే ఇది నేర్చుకుంటాం.

అయితే ముందు రోజే పక్క మండలంలో ఒక చెరువు తెగింది, అక్కడి ఏఈని సస్పెండ్ చేశారు. అప్పట్నించి నాకు తాడు కూడా పామే. ఇసుక బస్తాలు వేసి, ఊట మీద ఒక మనిషిని కాపలా పెడితే సరిపోయేది. నేను చెరువు ఖాళీ చేయించాలనుకున్నాను.

చెరువు నీళ్లు మళ్లకు పంచే నీరుగంటి మునెప్ప సంగతి తెలిసి ఆఫీసుకే వచ్చాడు. పెద్దాయన. కట్ట కింద ఆయనకు ఎకరా మల్బరీ తోట, ఇంట్లో పట్టుపురుగులు. ఊట నీళ్లు సీసాలో పట్టుకొచ్చి నా టేబుల్ మీద పెట్టాడు.

"సూడమ్మా, ఎంత తేటగా ఉండాయో. మా నాయన కాలం నుంచి ఈ కట్ట ఇట్లే ఊరతాండాది. ఇన్ని నీళ్లు యాల ఇడిసిపెట్టేది?"

సీసా అవతలి ఫైలు మీద అక్షరాలు కనిపిస్తున్నాయి, అంత తేట. రూల్స్ అలా ఉన్నాయి, నా చేతుల్లో లేదన్నాను. పచ్చి అబద్ధం. పోనీ రెండడుగులు దించి ఆపమన్నాడు. అదే సరైన పని. ఇంజనీరుని నేనైతే ఆ మాట చెప్పింది ఆయన. అయినా వినలేదు, దగ్గరుండి మరీ తూమెత్తించాను. నాలుగు రోజుల్లో నీళ్లన్నీ వాగు పాలయ్యాయి.

ఆ తర్వాత చినుకు పడితే ఒట్టు. మార్చికల్లా చెరువు కింది బోర్లు ఎండిపోయాయి. పురుగులు గూడు కట్టేముందు ఆబగా తినే రోజుల్లోనే తోట మాడిపోయింది. ఆకు కొనడానికి పలమనేరు దాకా తిరిగినా దొరకలేదట. తట్టలకు తట్టలు పురుగుల్ని గుంటలో పోసి పూడ్చాడు.

కట్ట తనిఖీకి వెళ్తే ఈ సంగతి ఊళ్లోవాళ్లు చెప్పారు. తోటలో ఎండిన మొదళ్లు నరుకుతున్న మునెప్ప దగ్గరికి వెళ్లాను. నా ముఖం చూసి ఆయనే ఓదార్చాడు.

"పోనీలేమ్మా. కట్ట తెగి ఊరు మునుగుతాదని నువ్వు భయపడితివి. మా కోసమే కదా."

అందులో ఎగతాళి లేదు. నిజంగానే అలా నమ్మాడు. ఇప్పుడు ఎక్కడ ఊట కనిపించినా, నా భయం ఊరి కోసమా, నా కోసమా అని ముందు నన్ను నేను అడుక్కుంటాను. ఆ రోజు మాత్రం, కాదు మునెప్పా, నా ఉద్యోగం కోసం అని చెప్పడానికి నాకు నోరు రాలేదు.