ఒకసారికి ఒక్క స్క్రూ

రేడియో భాయి గారు పోయారని మంగళవారం పొద్దున పాలావిడ చెప్పింది. "ఇనుగుదురుపేట రేడియో భాయి గారంటండీ. తెల్లారగట్ట టీ అడిగి, టీ వచ్చేలోగా పోయారంట." నేను చెంబు పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయాను. లోపల మంచం మీంచి మా ఆవిడ "ఎవరూ?" అంది. చెప్పాను. "ఆ టీ ఏం చేశారో," అంది.

ఆయన్ని సాగనంపిన జనాజాతో నడిచి వచ్చి నాలుగు రోజులైంది. మోకాళ్ళు ఇంకా ఆ మాటే చెబుతున్నాయి. రాయడానికి ఓపిక లేదు గాని, ఆయన చేత రేడియో బాగుచేయించుకున్నవాళ్ళు బందరు నిండా ఉన్నారు, లాప్‌టాప్ బాగుచేయించుకున్నవాణ్ణి బహుశా నేనొక్కణ్ణే. ఈ సంగతి నేను రాయకపోతే ఇంకెవరూ రాయరు.

నేను పుస్తకాలు బైండు చేసేవాణ్ణి. ఐదో తరగతితో బడి మానేశాక నేను చదివిందంతా కుట్టు ఊడిపోయి నా దగ్గరకొచ్చిన పుస్తకాలే. పని కాగానే తిరిగి ఇచ్చెయ్యాలి గనక చాలా కథలు ఎలా మొదలై చివరికి ఏమయ్యాయో నాకు ఇప్పటికీ తెలియదు. అందుకే ఏ కథైనా మధ్యలోంచి అందుకుంటానని మా ఆవిడ విసుక్కుంటుంది. సరే, ఈసారి మొదటి నుంచే చెబుతాను.

మా ఆవిడది దివిసీమ, హంసలదీవి దగ్గర పల్లె. వాళ్ళన్న నాటకాలకి హార్మోనియం వాయించేవాడు. ఆయన పోయాక మిగిలింది ఒక తిరునాళ్ళలో తీసిన వీడియో సీడీ ఒక్కటి. అప్పటి నుంచే మా ఆవిడ, మా ఇంటి రేడియో బాగుచేసే భాయి గారిని "అన్నయ్యా" అనడం మొదలుపెట్టింది. ఆయన కాదనలేదు. ఆ వరసన నేను బావనయ్యాను.

మూడేళ్ళ కిందట ఆవిడ కంటినరం ఎండిపోతోందని డాక్టరు చెప్పారు. పోయిన చూపు రాదు, ఉన్నది ఎన్నాళ్ళుంటుందో చెప్పలేం, అన్నారు. బస్సులో వస్తూ ఆవిడ ఒకే మాట అడిగింది. "చూపుండగా అన్న మొహం ఒక్కసారి చూస్తానండీ." అప్పటికే జానెడు దూరంలో పెడితే గాని ఏదీ కంటికి ఆనడం లేదు. టీవీకి అంత దగ్గరగా కూర్చుంటే గీతలే కనపడేవి.

నా చేత థీసిస్ బైండు చేయించుకున్న లెక్చరరు ఒకాయన బదిలీ మీద వెళ్తూ పాత లాప్‌టాప్ ఇచ్చి వెళ్ళారు. లైనక్స్ వేసి ఉంది, వీడియోలు చూసే సాఫ్ట్‌వేర్ ఉంది. ఒళ్ళో పెట్టుకోవచ్చు, మొహాన్ని కావలసినంత పెద్దది చేసుకోవచ్చు. చేస్తే ఏమైందీ? పాట వచ్చింది, తెర నల్లబడింది. చిన్నదిగా ఉంచితే, బావమరిది వేళ్ళు ఈ మెట్టు మీంచి ఆ మెట్టు మీదకి వెళ్ళేసరికి పాట పల్లవి దాటిపోయేది.

భాయి గారు వచ్చి చూశారు. డెబ్బై ఏళ్ళు. వాల్వు రేడియోల పుస్తకాలు పట్టుకుని అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ ఇంగ్లీషు నేర్చుకున్న మనిషి.

"బొమ్మ గీసే చిప్పు ఉంది బావా. దాన్ని పని చేయించే డ్రైవరు లేదు. ఆ పని కూడా పాపం ప్రాసెసరే నెత్తినేసుకుంది. పెళ్ళివంటకి ఒక్క వంటవాడు."

గుడివాడలో వాళ్ళ అల్లుడికి నెట్ సెంటరు ఉండేది. అక్కడికి బస్సులో వెళ్ళి, నెట్‌లోంచి డ్రైవరు దింపించి, సీడీ మీద ఎక్కించి, ఎండ తగలకుండా చొక్కా లోపల పెట్టుకుని వచ్చారు. తీరా చూస్తే అది వేరే రకం లైనక్స్ కెర్నల్‌కి పనికొచ్చేదట. ఒక్క మాట అనకుండా మర్నాడు మళ్ళీ గుడివాడ బస్సెక్కారు.

ఆయన రేడియో విప్పితే స్క్రూలన్నీ స్టీలు పళ్ళెంలో గడియారం అంకెల్లా పేర్చేవారు, ఏ చోటిది ఆ చోట. లాప్‌టాప్‌లోనూ అదే పద్ధతి. సెట్టింగుల ఫైల్లో ఒక వరస మార్చే ముందు పాత వరసని శుభలేఖ వెనక రాసుకునేవారు. మార్చి, ఆపి, మళ్ళీ ఆన్ చేసి, అది పనికిరాదని తేలాకే ఇంకో వరస జోలికి వెళ్ళేవారు.

"రెండు మూడు కలిపి మార్చేస్తే తొందరగా తెమిలిపోతుంది కదా భాయి గారూ?" అన్నాను.

"తొందరని పుస్తకం కుట్టకుండా జిగురు రాసి ఇచ్చేస్తావా నువ్వు? ఒకసారికి ఒక్క స్క్రూ, బావా."

రెండో డ్రైవరుతో బొమ్మ వచ్చింది. చక్కగా కదిలింది. మా ఆవిడని లేపి కూర్చోబెట్టి, దిండు సర్దేలోగా తెర నిండా చారలు పడి బిగుసుకుపోయింది. ఆ రోజు నుంచి మూడు వారాలు అంతే. పది నిమిషాలు ఆడేది, చారలు. ఆయన డ్రైవరు తీసేవారు, వేసేవారు. ఈలోగా మా ఆవిడకి క్యాలెండరు మీది పెద్ద అంకెలు కూడా ఆనడం మానేశాయి.

"మిషను అబద్ధమాడదు బావా," అన్నారు ఒకరోజు, కళ్ళజోడు తుడుచుకుంటూ. "మనమే దాని సంగతి సగం చెబుతాం."

ఆ మిగతా సగం నా దగ్గరుంది. అది నాకే తెలియదు.

బందరు గాలికి ఉప్పు జాస్తి. ఇనప్పెట్టె తాళం కూడా ఏడాదికి తుప్పుపట్టి నోరు తెరవదు. తేమ తగలకూడని వస్తువుని బియ్యంలో పెట్టడం మా ఇంట్లో అలవాటు. మా నాన్న చేతిగడియారం అలాగే పెట్టేవాడు. నేనూ లాప్‌టాప్‌ని రోజూ బియ్యం డబ్బాలో పాతిపెట్టి, భాయి గారు వచ్చేవేళకి తీసి, తుడిచి, బల్ల మీద పెట్టేవాణ్ణి.

ఓ రోజు ఆయన గంట ముందే వచ్చేశారు. నేను మోచేతుల దాకా బియ్యంలో ఉన్నాను.

"ఏంటి బావా, ఇవాళ లాప్‌టాప్ అత్తెసరా?"

ఇద్దరం విప్పి చూశాం. ఫ్యాను రెక్కల మధ్య తవుడు గడ్డకట్టి ఉంది. గాలాడక చిప్పు కాగిపోతోంది. రెండో డ్రైవరు తప్పు ఏనాడూ లేదు. భాయి గారు పెయింటు కుంచెతో తవుడంతా దులిపారు. బిగించాక ఒక మూల ఎత్తు తగ్గి ఊగుతుంటే, నా బైండింగు అట్ట చిన్నముక్క మడిచి అతికించారు. తర్వాత మా ఆవిడ దగ్గరకెళ్ళి, "డ్రైవరు మొండిదమ్మా, అందుకే ఆలస్యమైంది," అన్నారు. నేను తల దించుకున్నాను.

వీడియో చివరిదాకా ఆడింది. ఆవిడ తెరకి ముక్కు ఆనించి చూసింది.

"మొహం అలికేసినట్టుందండీ. చెయ్యి తెలుస్తోంది. తిత్తి ఊపే ఆ చెయ్యి అన్నదే."

మూడు వారాల ముందైతే మొహం కూడా తెలిసేది.

ఈ సంగతి ఇన్నాళ్ళూ ఆవిడకి చెప్పలేదు. జనాజా నుంచి వచ్చిన సాయంత్రం ఇక మొయ్యలేక చెప్పేశాను.

"తెలుసు," అంది. "బియ్యం ఏరేది ఎవరనుకున్నారు?"

చూపు తగ్గినా ఆవిడ వేళ్ళతో తడిమి బియ్యం ఏరుతుంది. అప్పట్లో ఒకరోజు రాయి కాని రాయి తగిలిందట, మెత్తగా. లాప్‌టాప్ అడుగున ఉండే రబ్బరు కాలు. భాయి గారు రాగానే చూపిస్తే, దాచమని తిరిగిచ్చారట.

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"అన్నయ్యే వద్దన్నాడు. 'నేనే టైము చూసుకోకుండా ముందే వచ్చేసినట్టు వస్తానులే చెల్లెమ్మా. నువ్వు పట్టుకున్నావని తెలిస్తే బావ ఇక నీ మొహం చూడలేడు' అన్నాడు."

మందుల డబ్బాలోంచి ఆ రబ్బరు కాలు తీసి నా అరచేతిలో పెట్టింది. అతికిద్దామని లేస్తే, "వద్దు, ఆయన పెట్టిన అట్టముక్క ఉండనివ్వండి," అంది.

లాప్‌టాప్ తెచ్చి ఒళ్ళో పెట్టాను. అప్‌డేట్ చెయ్యమంటావా అని అది ఎప్పటిలాగే అడిగింది. "అది అడిగిన ప్రతిదానికీ సరే అనకు, బావా" అని ఆయన చెప్పి వెళ్ళారు గనక, వద్దన్నాను. హార్మోనియం మొదలైంది. మా ఆవిడ తెర వైపు తిరగలేదు. లాప్‌టాప్ పక్కన, దాని ఫ్యాను గాలి వచ్చే చోట అరచెయ్యి అడ్డం పెట్టి, గాలి ఆడుతోందో లేదో చూస్తూ కూర్చుంది. ఆ వెచ్చటి గాలికి ఇప్పటికీ కొంచెం తవుడు వాసన.