వానకాలం నిధికి రెండో సంతకం

1962 సెప్టెంబరు. నెల్లూరుకు తూర్పున, సముద్రం పక్క ఉప్పు మడుల్లో పనిచేసే కూలీల యూనియన్‌లో నాకు అది నాలుగో ఏడు. ఆఫీసు అంటే ఒక రేకుల గది, ఒక బల్ల, ఒక ఇనప్పెట్టె. గుమాస్తా పనికి నెలకు ముప్పై అయిదు రూపాయల జీతం. జీతం లేని ట్రెజరర్ పని కూడా నాదే. సభ్యులు రెండు వందల పన్నెండు మంది, సగానికి పైగా ఆడవాళ్ళు.

ఉప్పు పని ఎండలున్నన్నాళ్ళే. అక్టోబరులో వానలు పట్టుకుంటే మడులు మునిగిపోతాయి, జనవరి దాకా కూలి ఉండదు. ఆ మూడు నెలల కోసం పెట్టుకున్నదే వానకాలం నిధి. నెలనెలా ఇచ్చే పావలా చందా జనరల్ ఫండ్‌కు పోయేది. ఆఫీసు అద్దె, కేసుల ఖర్చు అందులోంచి. వానకాలం నిధి దానితో కలవదు. మా చర్చిలో ఆడవాళ్ళు వంటకు బియ్యం తీసుకునేటప్పుడు ఒక పిడికెడు వేరే కుండలో వేసి, ఆదివారం దేవుడికి ఇస్తారు. ఆ పద్ధతినే యూనియన్‌లోకి తెచ్చాం. చర్చికి పోయేవాళ్ళూ గుడికి పోయేవాళ్ళూ, పని ఉన్న రోజుల్లో అందరూ పిడికెడు తీసేవాళ్ళు. దాచిపెడితే పురుగు పడుతుంది కాబట్టి ప్రతి శనివారం అందరి ముందు కొలిచి, అమ్మి, డబ్బు పోస్టాఫీసులో వేసేదాన్ని. వానల్లో ఆ డబ్బుతో బియ్యం కొని ఇంటింటికీ ఇచ్చేవాళ్ళం. ఆ సెప్టెంబరుకు పాస్‌బుక్‌లో ఎనిమిది వందల నలభై రూపాయలున్నాయి. తీయాలంటే రెండు సంతకాలు కావాలి. మొదటిది ప్రెసిడెంటుది, రెండోది నాది.

ప్రెసిడెంటు నెల్లూరులో ప్లీడరు. కూలీ కాని బయటివాళ్ళు కొందరు యూనియన్ పదవుల్లో ఉండడానికి చట్టం ఒప్పుకుంటుంది. రెండేళ్ళ కిందట రోజుకూలి పావలా పెరిగిందంటే ఆయన వాదించబట్టే. ఆ మేలు నేను మరిచిపోలేదు. అయినా ఆయన డబ్బు తీసే ఫారం తెచ్చి బల్ల మీద పెట్టినప్పుడు కలం ముట్టుకోలేదు.

"నెల్లూరులో మహాసభ పెడుతున్నాం సుగుణమ్మా. పందిరి, లారీలు, జెండాలు. ఆరు వందలు తీద్దాం. సంతకం పెట్టు."

"ఇది వానలకు తీసి పెట్టిన డబ్బు సార్."

"వానలకు ఇంకా నెలుంది. ఈలోగా విరాళాలొస్తాయి, సర్దేస్తాను."

"విరాళాలొచ్చినాకే మహాసభ పెట్టండి సార్."

ఆయన ముఖం మారింది. "పనిలోంచి తీసేసిన పద్నాలుగు మంది కేసు అక్టోబరు తొమ్మిదిన లేబర్ ఆఫీసర్ ముందుకొస్తుంది. నేను రాకపోతే ఎవరు మాట్లాడతారు? నువ్వా?"

"అది తర్వాత చూస్తాం. సంతకం మాత్రం పెట్టను."

వారం తిరక్కముందే సుగుణమ్మ నిధి మింగేసిందనీ, అందుకే డబ్బు తీయనివ్వడం లేదనీ మడులంతా పాకింది. అందరికంటే గట్టిగా అన్నది పోలమ్మ. కిందటి వానల్లో, ఒక్క పిడికెడు కూడా తీయని కోడలికి వేరే వాటా అడిగింది. నేను కుదరదన్నాను. ఆ కోపం మనసులో ఉంది. నలుగురిలో నన్ను ఆపి అడిగింది:

"మేయ్ సుగుణా, కొత్త కోక కట్టినావే! మా పిడికిళ్ళన్నీ కలిపి నేసినారా ఏంది?"

ఆ కోక పదకొండు రూపాయలు. నా జీతంలోంచి కొన్నాను. రసీదు కూడా ఉంది. అయినా చూపించలేదు. మర్నాడే కమిటీని పిలిపించి ఒకే మాట చెప్పాను. "ఏటా లెక్కలు చూడడానికి ఇద్దరు సభ్యుల్ని ఆడిటర్లుగా పెడతాం కదా. ఈసారి నన్ను దొంగన్నవాళ్ళలోంచే ఇద్దరిని పెట్టండి. నా మీద గౌరవం ఉన్నవాళ్ళు నాకొద్దు."

ప్లీడరు గారి వెంట తిరిగే రమణయ్య మేస్త్రీని, పోలమ్మను పెట్టారు. రమణయ్య చదివాడు, పోలమ్మ అడిగింది. ఏ శనివారం ఎంత కొలిచామో అతను పైకి చదివితే, ఆమె ఆ వారం కొలత చూసినవాళ్ళ దగ్గరికి పోయి, అవునో కాదో కనుక్కుని వచ్చేది. చివరికి పాస్‌బుక్ దగ్గర మొండికేసింది.

"ఈయనేమో ప్లీడరు మనిషి. నువ్వా, దొంగవి. పోస్టుమాస్టరు సదవాల."

ముగ్గురం పోస్టాఫీసుకు నడిచాం. పోస్టుమాస్టరు ఎనిమిది వందల నలభై అని చదివాడు. పోలమ్మ మళ్ళీ చదవమంది. మళ్ళీ చదివాడు.

ఆదివారం ఉప్పు గట్టు మీద సర్వసభ్య సమావేశం. ప్లీడరు గారు కారులో వచ్చారు. లెక్క సరిపోయిందని రమణయ్య తల వంచుకుని చెప్పాడు.

"సంతోషం. డబ్బు భద్రంగా ఉంది," అన్నారు ప్లీడరు గారు. "ఇక సంతకం పెట్టమని మీరే చెప్పండి. కేసు వాయిదా దగ్గర పడింది, గుర్తుందిగా."

పని పోయిన పద్నాలుగు ఇళ్ళవాళ్ళు ముందు వరసలోనే కూర్చుని ఉన్నారు. నేను చెప్పాల్సింది ముందే చెప్పేశాను. అప్పుడు పోలమ్మ లేచింది.

"అయ్యా, పావలా పెంచినావు, నీకు దండం. అయితే తీసిన పిడికిలి మళ్ళా మా కుండలోనే ఎయ్యం, బిడ్డ ఆకలని ఏడ్చినా సరే. నీ పందిరికెట్టా ఇస్తాం?"

వెనకనుంచి ఎవరో అన్నారు: "వానల్లో జెండాలు ఉడకేసుకుని తినమంటాడేమో మే!"

గట్టు గట్టంతా నవ్వింది. ప్లీడరు గారు లేచారు. "అయితే మీ కేసు మీరే చూసుకోండి," అని కారెక్కారు. ఆపడానికి ఒక్కరూ వెళ్ళలేదు. రమణయ్య కూడా కదల్లేదు.

అక్టోబరు తొమ్మిదిన పోలమ్మా, రమణయ్యా, నేనూ బస్సెక్కి నెల్లూరు వెళ్ళాం. యూనియన్ తరఫున లేబర్ ఆఫీసర్ ముందు నేనే మాట్లాడాను. పద్నాలుగు మందిలో తొమ్మిది మందికి పని తిరిగి వచ్చింది. అయిదుగురికి రాలేదు. ప్లీడరు గారుంటే ఆ అయిదుగురికీ వచ్చేదేమో. అది నేను తేల్చుకోలేని లెక్క, ఈనాటికీ అలాగే ఉంది. పదిహేడో తేదీన వాన పట్టుకుంది. పని పోయిన ఆ అయిదు ఇళ్ళతో సహా అందరికీ జనవరి దాకా బియ్యం అందింది.

ఈ పనిలో నేను నేర్చుకున్నది ఇదీ: ట్రెజరర్‌ని ఊరికే నమ్మే సభ్యుడు ప్లీడరునూ ఊరికే నమ్ముతాడు. నిధిని కాపాడేది నమ్మనివాళ్ళే. అందుకే నేను ఆ పనిలో ఉన్న మిగతా ఏడేళ్ళూ ఆడిటర్‌గా పోలమ్మ పేరు నేనే ప్రతిపాదించాను. ఏటా పోస్టుమాస్టరు చేత రెండుసార్లు చదివించుకునేది. బాగా చేశావని గానీ, ఆ రోజు దొంగన్నది తప్పని గానీ ఒక్కసారైనా అనలేదు. పాస్‌బుక్ నా చేతికిచ్చి, ప్రతి ఏడూ ఒకటే మాట అనేది:

"ఈ ఏటికి సరే."