ఖాళీ ఇంట్లో వేడి

దయ్యాల మాట ఎవరైనా ఎత్తితే నేను లేచి వెళ్లిపోయేదాన్ని. ఇప్పుడు కూడా నమ్మానని చెప్పను. నా చేత్తో రాసిన అంకెల గురించి మాత్రమే చెబుతాను.

మాది ఛత్రినాక. యాభై దాటాక సాయంత్రం బడిలో చదవడం, రాయడం నేర్చుకున్నాను. బహదూర్‌పురాలో ఒక కోల్డ్ స్టోరేజీలో ఊడ్చేదాన్ని. నిరుడు సలీం సార్ అనే ఇంజనీరు అక్కడ ఒక పెద్ద చలిగదిని అద్దెకు తీసుకుని, దాని మధ్యలో చిన్న ఇల్లు కట్టించాడు. మంచు కొండల్లో, డీజిలు బండ్లు చేరలేని చోట నిలబెట్టే ఇళ్లకు అది నమూనా. పొయ్యి ఉండదు, హీటరు ఉండదు. పైకప్పు మీది సోలార్ పలకలు, లోపలి మనుషుల ఒంటి వేడి, అంతే. చలిగదిలో ఎండ ఉండదు కాబట్టి ఇక్కడ ఒంటి వేడి ఒక్కటే. గోడలు మూరెడు మందం. పరీక్షప్పుడు గాలి రంధ్రాలు కూడా మూసేవారు.

చలిగది బయటి గోడకు రెండు మీటర్లు ఉండేవి. ఒకటి ఆ ఇంటి లోపలి వేడి చూపిస్తుంది. ఇంకోటి మనుషులు వదిలిన ఊపిరితో గాలి ఎంత చెడిందో చూపిస్తుంది. అరగంటకోసారి అవి చూసి పుస్తకంలో రాయడం నా కొత్త పని. చీపురు వదిలి పెన్ను పట్టిన మొదటి నెల అది.

ఇల్లు ఖాళీగా పెట్టి తాళం వేసిన రోజు వేడి మెల్లగా దిగాలి. పొద్దున్నంతా దిగింది. పదకొండుకు ఎక్కడం మొదలైంది. రెండో మీటరు కూడా ఎక్కింది. రాశాను.

పుస్తకం చూసి సలీం సార్ ముఖం మాడ్చుకున్నాడు.

"సచ్ చెప్పు యాదమ్మా. లోపల ఎవర్నన్న పండవెడుతున్నవా?"

"గా మంచుపెట్టెల పండేటోళ్లు ఎవరున్నరు సార్? మా ఆయన ఇంట్ల ఫ్యాను కిందికెల్లి లేస్తెనే ఎక్కువ."

"మరి అంకెలన్న సరిగ్గ చదువుతున్నవా? ఆరు, తొమ్మిది ఒక్కతీర్గ కనబడ్తయేమో నీకు."

ఆ మాట గుచ్చుకుంది. తప్పు నాదని తేలితే మళ్లీ చీపురే. నన్ను పరీక్షించడానికి అతనే ఏదో చేస్తున్నాడేమోనని నాకూ అనుమానం వచ్చింది.

"రేపు తాళంచెవి మీ జేబులనే పెట్టుకోండ్రి సార్. నా పక్కన కూసొని చూడుండ్రి," అన్నాను.

మరునాడు మీటర్లు కొత్తవి పెట్టించాడు. ఇల్లంతా టార్చి వేసి చూసి తాళం వేశాడు. తలుపు మీద కాగితం అంటించి ఇద్దరం సంతకాలు చేశాం. బయట కుర్చీలు వేసుకుని కూర్చున్నాం.

పదకొండు దాటగానే రెండు మీటర్లూ ఎక్కాయి. అంతకుముందు వారం పరీక్ష కోసం సలీం సార్ ఒక్కడే లోపల కూర్చున్నప్పుడు ఎంత ఎక్కాయో, సరిగ్గా అంతే.

అతను జేబులోంచి తాళంచెవి తీశాడు. స్వెట్టర్లు తొడుక్కుని చలిగదిలోకి వెళ్లాం. కాగితం చిరగలేదు. తలుపు తీస్తే, మూసిన గదిలో ఎవరో పడుకుని లేచినప్పటి వెచ్చటి గాలి ముఖానికి తగిలింది. లోపల ఎవరూ లేరు.

"రాయాల్నా సార్?" అని అడిగాను.

"ఉన్నది ఉన్నట్టు రాయి," అన్నాడు.

పని నాకే ఉంది. తరువాత పెద్ద ఇంజనీర్లు వచ్చి గోడలు తట్టి చూశారు, వైర్లు మార్చారు. ఖాళీ రోజుల్లో వేడి ఒక్కోసారి ఎక్కుతుంది, ఒక్కోసారి ఎక్కదు. కారణం వాళ్లకు దొరకలేదు, నాకూ ఇప్పటికీ తెలియదు. సలీం సార్ మాత్రం ఆ రోజు నుంచి తాళం తీసే ముందు తలుపు మీద రెండుసార్లు కొడతాడు. కాసేపు ఆగి, అప్పుడు తీస్తాడు.