నిమ్మకాయల మీదికి దించిన బండి

పక్షవాతం వచ్చాక నాయన కుడిచేయి, కుడికాలు పనిచేయడం మానేశాయి. అంతకుముందు మోటార్‌సైకిల్ మీద గొర్రెల బేరానికి కుందుర్పి దాకా పోయి, పొద్దుగూకేలోగా సోమందేపల్లెకు తిరిగొచ్చే మనిషి. ఇప్పుడు ఇంటి ముందర ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని రోడ్డు మీద పోయే బండ్ల చప్పుడు వింటాడు. "రెండో గేరులో పోవల్ల, మూడులో గుంజుతాండాడు యెదవ" అని తిడతాడు. ఆ తిట్లు వినలేకే రిమోటుతో నడిచే మోటార్‌సైకిల్ తెప్పించాను.

మూరెడు బండి. పడిపోకుండా పక్క చక్రాలు బిగించాను. నాయన ఎడమచేత్తో నడిపేటట్టు రిమోటును ఒక చెక్కకు కట్టి ఆయన ఒళ్లో పెట్టాను. ఆ రోజు ఆయన గడ్డం కూడా గీయించుకున్నాడు.

దీనికో వరుస ఉంది. ముందు రిమోటు ఆన్ చేయాలి, తర్వాత బండి. ఆపేటప్పుడు ముందు బండి, ఆ తర్వాతే రిమోటు. సిగ్నల్ పోతే తనంతట తాను ఆగేలా సరిచేసేదాకా బండి స్టాండు మీదే ఉండాలి, వెనక చక్రం నేలకు తగలకూడదు; లేదంటే సిగ్నల్ పోగానే బండి తనిష్టానికి పరిగెత్తుతుంది. ఇదంతా నాయనకు చెప్పాను. తల ఊపాడు. అమ్మ అప్పుడు లోపల కొబ్బరికాయ వెతుకుతోంది.

రెండూ ఆన్ చేసి, ఆ సరిచేసే పని మొదలుపెట్టబోతుంటే అమ్మ పళ్లెంతో వచ్చింది.

"పూజ జేయకుండానే తిప్పుతావేమప్పా? ఈ ఇంటికి జరిగింది చాల్లేదా?"

ఆ మాట అంటూనే బండిని స్టాండు మీది నుంచి తానే దించి, చక్రాల ముందు నిమ్మకాయలు పెట్టింది. చక్రం నేల మీద ఉంటేనే కదా కాయ నలిగేది!

"అమ్మా, ఉండు, బండి ఆఫ్ చేస్తా."

"నేనే చేసినాలే" అంటూ, టీవీ ఆపినట్టు నాయన ఒళ్లోని రిమోటు ఆపేసింది.

బండి గుర్రుమంది. నిమ్మకాయ తొక్కి వాకిలి దాటింది. నేను రిమోటు మళ్లీ ఆన్ చేసినా మాట వినలేదు. చెప్పుల్లేకుండా రోడ్డు దాకా పరిగెత్తాను. లారీ వస్తోంది. నేను చేయెత్తి అరిచాను, అంతే. అంత చిన్న బండి ఆ డ్రైవరుకు కనబడిందో లేదో, లారీ ఆగకుండా పోయింది. తర్వాత ఏరడానికి కూడా పెద్దగా మిగల్లేదు. చెడ్డ ఏడుపొచ్చింది నాకు.

తిరిగొచ్చేసరికి అమ్మ కర్పూరం ఆరిపోయిన పళ్లెంతో అలాగే నిలబడి ఉంది. ఆమెను ఏమనాలి? నాయన ఎడమచేయి కుర్చీ పిడిని క్లచ్ పట్టినట్టు బిగించి పట్టుకుంది. బ్రేకు పట్టే కుడిచేయి ఒళ్లో, రిమోటు పక్కన పడి ఉంది. ఆయన ఆ చేతినే చూస్తున్నాడు.

"బ్రేకు పట్టినా గదప్పా" అన్నాడు నాతో. "పడలే."