హెండ్రికా చదివిన సాసి

ఇండోనేషియాలోని మలుకు దీవుల్లో పోలీసులకు భయపడనివాడు కూడా సాసికి భయపడతాడు. తోట యజమాని కోరితే చర్చిలో ప్రకటన చదివి, ప్రార్థన చేసి, కోత ఆపేస్తారు. అదే సాసి. మళ్లీ ప్రార్థించి తెరిచేదాకా రాలిన కాయనైనా ముట్టకూడదు. ముట్టినవాడి పొట్ట ఉబ్బుతుందంటారు.

హెండ్రికా బడిలో లెక్కల టీచరు, చర్చిలో సంఘపెద్ద. గొంతు బాగుంటుందని పద్నాలుగేళ్లుగా ప్రకటనలు ఆమె చేతే చదివిస్తున్నారు. చదివేదేమిటో ఆమె ఏనాడూ విచారించలేదు. ఈస్టరు వెళ్లిన రెండో ఆదివారం, "వాగు పక్క జాజికాయ తోటకు సాసి, కోరినవారు ఒక్టో" అని గడగడా చదివేసింది. ఒక్టో ఆమె మరిది. తోట సలోమిది. భూమి కాగితాలు ఎవరి దగ్గరా లేని ఊళ్లో, సాసి ఎవరి పేర పడితే తోట వాళ్లదే.

సలోమి ఒంటరి విధవ. తిట్టలేదు, పంచాయితీ పెట్టలేదు. కంచె ఇవతల నిలబడి, రాలిన కాయలమీద ఎర్రటి జాపత్రి నల్లబడిపోతుంటే చూసేది. హెండ్రికా బడికి వెళ్లే దారి అదే.

"సలోమక్కా, నీ తోటేగా. ఏరుకోరాదూ?"

"నువ్వేగా తల్లీ దేవుడి పేరు చెప్పి మూశావు. ఆయనతో నాకు తగవెందుకు?"

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. అదే ఎక్కువ గుచ్చుకుంది.

శాంతి లేకపోతే ప్రార్థించమంటారు. హెండ్రికా కళ్లు మూస్తే చాలు, కుళ్లిన కాయల వాసనే. పొగబెట్టిన చేపలు గిన్నెనిండా పట్టుకెళ్లి సలోమికిచ్చింది. మర్నాడు శుభ్రంగా తోమిన గిన్నె తిరిగొచ్చింది. శాంతి రాలేదు. పాస్టరు దగ్గరకు వెళ్లింది.

"ప్రార్థించి వేసిన సాసిని తప్పంటే, రేపు జనం దేన్ని నమ్ముతారమ్మా?"

"ఇవాళ అబద్ధాన్ని నమ్ముతున్నారు అయ్యగారూ. అది పరవాలేదా?"

అయ్యగారు లేచి, ప్రార్థన కూటానికి వేళయిందన్నారు.

సంగతి తెలిసి ఒక్టో ఇంటికొచ్చి నవ్వాడు. "వదినా, నువ్వు పిల్లలకు ఎక్కాలు చెప్పుకో. సలోమికి పిల్లా జెల్లా లేరు. నేడో రేపో ఆ తోట ఎలాగూ మాదే."

"నేడా, రేపా? సరిగ్గా చెప్పు."

పక్కనే ఉన్న భర్త మార్తెన్ పళ్లెం పక్కకు తోశాడు. "నా తమ్ముణ్ని నలుగురిలో నిలబెట్టావంటే, ఈ ఇంట్లో నీతో మాటలుండవు."

ఆదివారం పెళ్లి ప్రకటనలు అయ్యాయి, చదవాల్సిన కాగితం అయిపోయింది. హెండ్రికా కూర్చోలేదు.

"ఈస్టరు తర్వాత నేను చదివిన సాసి తప్పు. ఆ తోట సలోమిది. విచారించకుండా దేవుడి పేరు వాడాను. మధ్యాహ్నం నేనే వెళ్లి తెరుస్తా."

పాస్టరు పాటల పుస్తకంలోకి చూస్తున్నారు. వెనక బల్లమీంచి ఎవరో అన్నారు, "పొట్ట ఉబ్బితే?"

"వదులు గౌన్లు ఉన్నాయిలే."

నలుగురు నవ్వారు. మార్తెన్ లేచి వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం ఒక్కతే కంచె దగ్గర ప్రార్థించింది. లెక్కలు చదివిన మనిషే. అయినా మొదటి కాయ ఏరేముందు ఇంకోసారి ప్రార్థించింది. సలోమి లోపలికి రాలేదు. "రెండ్రోజులు చూద్దాంలే, ఏమీ అనుకోకు" అంది.

ఆ రెండు రోజులూ బడిలో పిల్లల చూపులన్నీ టీచరు నడుం మీదే. ఇంట్లో మార్తెన్ గోడకేసి తిరిగి తిన్నాడు. ఆమె దొంగచాటుగా పొట్ట తడుముకుంటూనే ఉంది.

మూడోనాడు బడికి వెళ్తుంటే తోటలో సలోమి వంగి కాయలేరుతోంది. బుట్ట సగం నిండింది. హెండ్రికా పిలవలేదు. కంచె పట్టుకుని నిలబడి, ప్రార్థనకు కళ్లు మూసుకుంది. బడి గంట కొట్టినా వినిపించలేదు.