చీటీ కట్టిన గొడ్డలి

మొన్న వానలు పడ్డ వారానికి, లింగంపేట నుంచి ఎల్లారెడ్డికి పోయే దారిలో మా ఊరి మలుపు దగ్గర, అడవి మొదలయ్యే చోట ఒక పచ్చ బోర్డు పాతారు. మొక్కలు నాటే రోజని నన్నూ పిలిచి, శాలువా కప్పి, చేతికి ఒక మొక్క ఇచ్చారు. ఒకప్పుడు ఈ అడవిని కాపాడిన ఆడవాళ్లని చెప్పి ఆ బోర్డు మీద పదకొండు పేర్లు రాశారు, మొదటి పేరు నాది. చదవమంటే అందరి ముందూ పైనుంచి కిందికి తడుముకోకుండా చదివాను. చప్పట్లు కొట్టారు. చదువుతున్నంతసేపూ నా కళ్లు అక్కడ లేని పన్నెండో పేరు కోసం వెతుకుతూనే ఉన్నాయి. ఆ పేరు అక్కడికి ఎక్కకుండా పోవడానికి కారణం నేనే కనుక, నా ఈడు వాళ్లకైనా ఆ సంగతి చెప్పుకుందామని ఇది రాస్తున్నాను. నలభై తొమ్మిదో ఏట అక్షరాలు దిద్దినదాన్ని, రాతలో తప్పులుంటే మన్నించండి.

నేను ఈ ఊరికి కోడలిగా వచ్చిన కాలానికి మా ఇళ్ల వెనక గుట్ట కనిపించేది కాదు, చెట్లే కనిపించేవి. టేకు, నల్లమద్ది, ఇప్ప, మోదుగ, మధ్య మధ్యన మొర్రి, తునికి. ఎండాకాలం మొర్రిపండ్లు, చలికాలం మొదట్లో శీతాఫలాలు, గంపలకెత్తి కామారెడ్డి దాకా పోయి అమ్ముకొచ్చేవాళ్లం. మిగతా దినాలు ఇంట్లో చాట ఒళ్లో పెట్టుకొని బీడీలు చుట్టడమే. ఆ బీడీలకు కావలసిన తునికాకు కూడా మా గుట్టదే. ఆకు కోసే పది పదిహేను రోజులూ తెల్లవారక ముందే అడవిలో పడి, ఎండెక్కేసరికి కట్టలు కట్టి కల్లానికి, అంటే ఆకు ఆరబోసే చోటుకి, చేరవేయాలి. అక్కడే నాకు ఆ పన్నెండో పేరు మనిషి సోపతి, అంటే స్నేహితురాలు, అయ్యింది.

ఆమెది గుట్టకు అవతలి వైపు తండా. నేను ఒక కట్ట కట్టేలోపు ఆమె రెండు కట్టి, మూడోది నా ముందుకు తోసి నవ్వేది. నా చిన్నబిడ్డ కడుపులో ఉన్నప్పుడు నా మూట కూడా తన మూట మీద పెట్టుకొని గుట్ట దింపింది. నేను తీసుకుపోయిన మామిడితొక్కు ఆమెకు, ఆమె తెచ్చిన జొన్నరొట్టె నాకు. చిన్న వయసులోనే ఆమె పెనిమిటి పోయాడు. అప్పటినుంచి ఎండుకట్టెలు మోపు కట్టి ఎల్లారెడ్డి హోటళ్లకు వేసి, ఉన్న ఒక్క బిడ్డనూ సాకింది. పెనిమిటి గుర్తుగా ఆమె దగ్గర మిగిలింది ఒక గొడ్డలి.

తరువాత మా గుట్ట మీద కళ్లు పడ్డాయి. బయటి మనుషులు పొద్దుగూకే వేళ బండ్లు తోలుకొని వచ్చేవాళ్లు, తెల్లారి చూస్తే మొద్దులు మిగిలేవి. రెండేళ్లలో వాగు సంక్రాంతి దాకా పారడం మానేసింది, బావిలో చేద అడుగు తగిలేది. నీళ్లు మోసేది ఆడవాళ్లం కనుక బాధ ముందు మాకే తెలిసింది. మా అత్త, మా తోటికోడలు, నేను, ఇంకా ఎనిమిది మంది కలిసి అడవి కమిటీ అని పెట్టుకొని, రోజుకు నలుగురు వంతున గుట్ట చుట్టూ తిరగడం మొదలుపెట్టాం. మా కట్టుబాటు ఒక్కటే. ఎండుపుల్లలు ఎవరైనా ఏరుకోవచ్చు, గొడ్డలి మాత్రం అడవిలోకి రాకూడదు. వస్తే గుంజుకొని అడవి ఆఫీసులో జమ చేయాలి. ఎంత మనిషైనా, ఎవరి మనిషైనా.

తండా వాళ్లను కమిటీలోకి పిలవాలని మాకెవరికీ తోచలేదు. వాళ్లు వేరే ఊరి లెక్క అనుకున్నాం. పిలవకపోయినా వాళ్లు మాకు కాపలా కాశారు. గుట్ట వెనక వైపు మా చెవులకు అందదు, అక్కడ గొడ్డలి చప్పుడైతే వినిపించేది తండాకే. చప్పుడు వినగానే నా సోపతి గుట్ట కొనకెక్కి రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకొని పొడుగ్గా కూత వేసేది. ఆ కూత విని మేము చేతిలో పని చేతిలోనే వదిలి ఉరికేవాళ్లం. అవతలి నుంచి తండా ఆడవాళ్లు, ఇవతలి నుంచి మేము, నడుమ చిక్కినవాళ్లు బండ్లు వదిలేసి పారిపోయేవాళ్లు. మొదటి రెండేళ్లు గుట్ట నిలిచిందంటే ఆ కూత వల్లనే. పొగడ్తలు మాత్రం మాకే వచ్చాయి, మేము తీసుకున్నాం.

మూడో ఏడు వానాకాలంలో నాగలి చేయించుకోవడానికి ఒక కొమ్మ నరికాడని సొంత మరిది గొడ్డలినే నేను గుంజుకున్నాను. ఊరంతా మెచ్చుకుంది. మరిది మాత్రం నలుగురూ ఉన్న వాకిట్లో అరుగు మీద కూర్చొని, చుట్ట వెలిగించుకుంటూ అన్నాడు:

“మంచిగ చేసినవ్ వదినా. మరి తండ దిక్కు చూస్తే నీ కండ్లకు పొరలొస్తయా? నీ సోపతి మోపుల పచ్చికట్టె ఎన్నడు కనవడలేదా?”

అందరూ నవ్వారు. నేనూ నవ్వినట్టే చేశాను, కాని ఆ మాట ముల్లులా గుచ్చుకొని ఉండిపోయింది.

వారం తిరగకముందే ఆ ముల్లు పని చేసింది. ఆ రోజు నా వంతు, నాతో ముగ్గురున్నారు. గుట్ట నడుమ దారిలో నా సోపతి ఎదురైంది. ఆమె భుజాన అప్పుడే నరికిన టేకు గుంజ ఒకటి ఉంది, చేతిలో ఆ గొడ్డలి ఉంది. నన్ను చూసి దాచుకోలేదు. ఎందుకు దాచుకుంటుంది, నేనే కదా.

“అక్కా, గుడిసె నడిమి గుంజ ఇరిగింది. బిడ్డ పచ్చి బాలింత, పసిగుడ్డు మీద కురుస్తున్నది. గీ ఒక్కటే.”

నా వెనక ఉన్న ముగ్గురూ నా మొహం చూస్తున్నారు. ఒక్క గుంజ. కళ్లు మూసుకొని పొమ్మంటే గుట్టకు ఏమీ అయ్యేది కాదు. ఆ వేళ నాకు చెట్టు కనిపించలేదు, బాలింత కనిపించలేదు, అరుగు మీద నవ్విన మనుషులే కనిపించారు.

“కమిటీ మాట అందరికి ఒక్కటే. ఇటు తే,” అన్నాను.

ఆమె బతిమాలలేదు. గుంజ దించి దారి పక్కన పెట్టింది. గొడ్డలి కామ నా వైపుకు, పదును తన వైపుకు తిప్పి ఇస్తూ అంది:

“పైలం అక్కా, నిన్ననే సాన వట్టిన.”

మరునాడు ఆ గొడ్డలిని, రాతకోతలకని మేము పెట్టుకున్న కమిటీ కార్యదర్శి, అతను నాకు వరుసకు అల్లుడు, మిగతావాటితో పాటు ఆఫీసులో జమ చేసి వచ్చాడు. ఆ తరువాతి ఎండాకాలం ఆమె కల్లంలో నాకు ఎదురుగా కూర్చోలేదు.

ఆపై వచ్చిన వానాకాలంలో వరినాట్లు ముమ్మరమైన వేళ, ఊళ్లో ఆడవాళ్లమంతా మోకాలి లోతు బురదలో ఉన్నాం. కాపలా పేరుకే ఉంది. పొలాల్లో ట్రాక్టర్ల మోత. నాట్లు అయిపోయి నాలుగో రోజు గుట్ట వెనక్కి పోయిన మా తోటికోడలు చెప్పులు చేతిలో పట్టుకొని ఏడుస్తూ తిరిగొచ్చింది. పోయి చూశాం. వెనక వాలు మొత్తం ఖాళీ. లారీల చక్రాల గాడులు వాన నీళ్లతో నిండి ఉన్నాయి, మొద్దుల మీద తెల్లటి కోత ఇంకా తడిగానే ఉంది. కొందరు పర్మిట్ ఉందన్నారు, కొందరు లేదన్నారు, మాకెవరూ చూపలేదు. మేము మూడేళ్లలో కాపాడింది మూడు రోజుల్లో పోయింది.

నేను అటు నుంచి అటే తండాకు దిగాను. ఆమె గుడిసె ముందు మనవరాలికి నీళ్లు పోస్తోంది.

“చప్పుడు వినవడలేదా?” అని అడిగాను.

“వినవడ్డది. మూడొద్దులు వినవడ్డది.”

“మరి కూత ఎందుకు వెయ్యలే?”

ఆమె పిల్ల తల మీద నీళ్లు పోయడం ఆపలేదు. “కూత వేస్తే మీరొస్తరు. మీరొస్తే ముందుగాల మా చేతులు జూస్తరు, మా ఇండ్లు ఎతుకుతరు. ఎందుకక్కా మాకు?”

అక్కడి నుంచి ఎట్లా నడిచి వచ్చానో గుర్తు లేదు. ఒక్కటే మనసులో పడింది, ఆ గొడ్డలి ఆమెకు తెచ్చివ్వాలని. పోయిన చెట్లు నేను తేలేను, అదన్నా తేగలను కదా.

ఆఫీసు వెనక రేకుల గదిలో గొడ్డళ్లు, కొడవళ్లు కుప్పగా పోసి ఉన్నాయి. ఒక్కోదానికి సుతిలితో అట్టముక్క చీటీ కట్టారు. చూడగానే గుర్తుపడతాననుకున్నాను, కాని తుప్పు పట్టాక అన్నీ ఒక్క తీరుగానే ఉన్నాయి. చీటీ చదవమని కావలి ముసలాయనను అడిగితే, “నాకు గూడ అచ్చరాలు రావు చెల్లె. గొడ్డలి మొకం జూసి గుర్తువట్టు,” అన్నాడు. లోపలి గుమాస్తా తల ఎత్తకుండానే, పేరూ ఊరూ రాసిన అర్జీ ఉంటేనే వెతికేది అన్నాడు. అల్లుణ్ని రాసిమ్మంటే మొహం చిట్లించాడు.

“జప్తు జేసింది మనమే, ఇడువుమని అడిగేది మనమేనా అత్తా? కమిటీ ఇజ్జత్ ఏం గావాలె?”

ఊళ్లో రాయగల ఇంకెవరిని అడిగినా సంగతి అల్లుడి చెవిన పడుతుంది. అప్పుడే అంగన్‌వాడీ గదిలో మధ్యాహ్నాలు పెద్దవాళ్లకు చదువు చెబుతున్నారు, పోయి కూర్చున్నాను. చెప్పేది మా అక్క కోడలు. అందరం చాటలు ఒళ్లో పెట్టుకొని, చేతులతో బీడీలు చుడుతూ నోటితో అక్షరాలు పలికేవాళ్లం. మొదటి రోజే నాకు అర్జీ రాయడం నేర్పమంటే ఆమె పడీపడీ నవ్వింది.

“అందరు పేరు రాసుడు నేర్పుమంటరు. నువ్వేంది చిన్నత్తా, సక్కగ అర్జీ మీదనే వడ్డవు!”

రెండేళ్లు పట్టింది. నా జీవితంలో నేను రాసిన మొదటి కాగితం ఆ అర్జీయే. అప్పటికి ఆఫీసులో సారు మారాడు. చదివి, ఎవరు రాశారన్నాడు. నేనే అన్నాను. సారు గది తాళం తీయించాడు.

ఆ గదిలో గొంతుక్కూర్చొని ఒక్కో చీటీ చదివాను. మా మరిది పేరు వచ్చింది. మా పొలంలో కలుపు తీసే ఆమె పేరు వచ్చింది. మేకల కోసం కొమ్మలు కొట్టాడని మేము పట్టుకున్న బిచ్కుంద వైపు గొర్లకాపరి పేరు వచ్చింది. పట్టుకున్నప్పుడు అతను మరాఠీలో మొత్తుకుంటుంటే మేము నవ్వాం. అందరూ నాకు తెలిసినవాళ్లే, ఒక్కరి ఇంట్లోనూ టేకు తలుపు లేదు. వెనక వాలు నరికినవాళ్ల పేరు కోసం అడుగు దాకా చూశాను. లేదు. కుప్ప అడుగున నా సోపతి పేరు దొరికింది. కామను చెదలు తిన్నాయి.

తువ్వాలలో చుట్టుకొని బస్సెక్కితే కండక్టర్ చూసి, “అవ్వా, గొడ్డలి వట్టుకొని ఎవరి మీదికి వోతున్నవే?” అన్నాడు. బస్సంతా నవ్వింది.

తండాలో ఆమె గొడ్డలిని రెండు చేతులా అందుకొని, పదును మీద బొటనవేలు రాసి చూసింది. నన్ను కూర్చోమని మంచం వాల్చింది, మంచినీళ్లు ఇచ్చింది. నేను చదువు నేర్చానని విని, చీటీ నా ముందుకు చాపింది.

“గీడ ఏం రాసిన్రు? సదువు.”

చదివాను. ఆమె పేరు, తండా పేరు, గొడ్డలి ఒకటి, టేకు గుంజ ఒకటి. దాని కింద ఇంకో మాట ఉంది, దొంగతనం అని. అక్కడ నా నోరు ఆగిపోయింది.

“మస్తుగ రాసినట్టున్నది. గంతేనా?”

“గంతే.”

ఆమె నా కళ్లలోకి చూసింది. తరువాత సుతిలి తెంపి, చీటీని పొయ్యిలో వేసి, ఆ మంట మీదే నాకు చాయ్ పెట్టింది. మళ్లీ మాట్లాడుకున్నాం, పెళ్లిళ్లకు పిలుచుకున్నాం, ఆమె మనవరాలి పెళ్లికి నేను చీర తీసుకుపోయాను. కాని ఆనాటి సోపతి మాత్రం తిరిగి రాలేదు. నాలుగేళ్ల కింద ఆమె పోయిందని పాలు పోసే మనిషి చెబితే తెలిసింది. అప్పటికే మూడు రోజులైంది.

పోయిన ఎండాకాలం గుట్టకు నిప్పంటుకుంది. పట్టపగలు, మా వాకిట్లోకి కనిపిస్తోంది. మా కాలంలో అయితే నిప్పు చూడగానే పచ్చికొమ్మ విరుచుకొని ఇవతలి నుంచి మేమూ అవతలి నుంచి వాళ్లూ కొట్టుకుంటూ ఎక్కేవాళ్లం. మసి మొహాల్లో ఎవరు ఎవరో తెలియక, గొంతు విని పేరు పెట్టి పిలుచుకునేవాళ్లం. ఇప్పుడు అన్ని ఇళ్లలో గ్యాసు పొయ్యిలు, గుట్ట ఎక్కే పని ఎవరికీ లేదు. అడవికి కంచె ఉంది, జీతం తీసుకునే కాపలా మనిషి ఉన్నాడు. మా వీధి వాళ్లంతా డాబాల మీదికెక్కి ఫోన్లలో ఫోటోలు తీసుకున్నారు. ఆఫీసుకు చెప్పారట, వస్తున్నారట. నేను పెరట్లో వేపకొమ్మ ఒకటి విరుచుకొని వీధి చివరి దాకా నడిచాను. మోకాళ్లు అక్కడే ఆగిపోయాయి. వెనక్కి తిరిగి చూస్తే ఒక్కరూ లేరు. గుట్టకు అవతల తండాలో కూడా ఎవరో ఒక ముసలిది ఇట్లాగే కొమ్మ పట్టుకొని నిలబడి ఉంటుందని అనుకోబోయి, ఆమె లేదన్నది గుర్తొచ్చి, ఆకులు వడలిపోయే దాకా అక్కడే నిలబడ్డాను.